లోపల వదిలిన గుడ్డ

గుండీ కుట్టేటప్పుడు గుడ్డకీ గుండీకీ మధ్య ఒక అగ్గిపుల్ల పెట్టాలని, ఆ ఇంటికి కోడలిగా వచ్చేదాకా పిచ్చుకకి తెలీదు. కాలేజీలో పేజీలకి పేజీలు పరీక్షలు రాసి పాసైంది కానీ ఇంత చిన్న కిటుకు ఏ పుస్తకమూ చెప్పలేదు. పుల్ల మీదుగా దారం తిప్పి తిప్పి కుట్టి, చివర్లో పుల్ల లాగేస్తే, గుండీ గుడ్డకి అతుక్కుపోకుండా కాస్త లేచి నిలబడుతుంది, గోడ అవతల ఏముందో చూడ్డానికి మునివేళ్ల మీద లేచిన పిల్లలాగా. "బిగించి కుడితే పెట్టుకున్నప్పుడల్లా గుడ్డ ఉసూరుమంటుంది. కొంచెం ఊపిరాడనివ్వాలి," అంది అక్క. పిచ్చుకకి అది ఎంత నచ్చిందంటే, ఆ పూట బల్ల మీదున్న చొక్కాలన్నిటికీ తనే గుండీలు కుట్టేసింది. అంతటితో ఆగక పైకెళ్లి, మొగుడి చొక్కాలకి నిక్షేపంలా ఉన్న గుండీల్ని తెంపి మళ్లీ కుట్టింది. సాయంత్రం అతను అద్దం ముందు నిలబడి ఒక్కొక్కటే పెట్టుకుంటూ, "ఇవేంటి, మాస్టారొచ్చినట్టు నన్ను చూసి లేచి నిలబడుతున్నాయి," అంటే ఆ మాట తలుచుకుని తలుచుకుని నవ్వుకుంది.

పెళ్లయి ఇంకా కొత్త వదల్లేదు. మెట్ల మీద అతని అడుగుల చప్పుడు సంతోషం, ఒకే కప్పులో ఇద్దరూ టీ తాగడం సంతోషం, కిటికీ కింద బస్సు ఆగినప్పుడల్లా అద్దాలు గలగలమనడం కూడా సంతోషమే. నోరు ఒక్క క్షణం ఊరుకోదని అత్తగారు మొదటి వారంలోనే "పిచ్చుక" అని పేరు పెట్టింది. అది మురిపెమో వెక్కిరింపో ఎవరూ తేల్చలేదు, పేరు మాత్రం అతుక్కుపోయింది.

అక్క అంటే తోటికోడలు, బావగారి భార్య. కింద కుట్టు దుకాణం, పైన ఇల్లు. బోర్డు మీద ఉండేది బావగారి పేరు. కొలతలు తీసేదీ, గుడ్డ కత్తిరించేదీ, సగానికి పైగా కుట్టేదీ అక్క. బావగారు గల్లా దగ్గర కూర్చుని బేరాలు చూస్తాడు, పిచ్చుక మొగుడు గుడ్డ తేవడం, కుట్టినవి చేర్చడం చూస్తాడు. వచ్చేపోయేవాళ్లకి బోర్డు మీది పేరు గుర్తుండదు, "కత్తెరమ్మ దగ్గర కుట్టించాం" అంటారు. పిడి నల్లగా నునుపెక్కిన ఆ పెద్ద కత్తెరని ఇంకొకళ్లు ముట్టుకోకూడదు. కాగితం కత్తిరించబోయినందుకు ఒకసారి బావగారి వేళ్ల మీదే స్కేలుతో కొట్టిందట. ఆ కథ అందరికంటే బావగారే ఎక్కువ చెబుతాడు, వేళ్లు చూపించి మరీ.

ఆ కత్తెరమ్మకి రొమ్ము క్యాన్సర్ అని, పిచ్చుక పెళ్లి కుదిరిన కొత్తలోనే తేలింది. "పెద్దదాని ఆపరేషన్ వల్ల మీ పెళ్లి వెనక్కి జరిగింది," అని అత్తగారు ఇప్పటికీ గుర్తుచేస్తుంది, ఎవరో మొండికేసి బస్సు ఆపినట్టు. పిచ్చుక కాపురానికి వచ్చేసరికి ఆపరేషనూ, మందు ఎక్కించడాలూ అయిపోయి, ఊడిన జుట్టు పొట్టిపొట్టిగా మొలుస్తోంది. అక్క పైగదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. పిచ్చుక మంచం పక్కన కూర్చుని ఊసులన్నీ చెబుతుంటే ఆ వీపు వినేదో లేదో తెలిసేది కాదు.

చూడ్డానికి వచ్చినవాళ్లు ఊరికే రారు, తలా ఒక మాట తెచ్చి మంచం మీద పెట్టి వెళతారు. తొందరగా బయటపడింది, అదృష్టవంతురాలివి అన్నారు ఒకళ్లు. నీ ధైర్యం చూసి మేం నేర్చుకోవాలి అన్నారు ఇంకొకళ్లు. "ఉన్నదంతా తీయించేశారు కదా, ఇంకా ఎందుకే ఆ దిగులు?" అని అత్తగారు. పిల్లలు లేకపోవడమూ ఒకందుకు మంచిదే అయింది, ఉంటే వాళ్ల గతేంటి అని కూడా ఆవిడే అంది, అది ఓదార్పనుకునే అంది. బావగారు గుమ్మంలోనే నిలబడి మాట్లాడేవాడు. "జబ్బు రొమ్ముకొచ్చింది గానీ చేతులకి రాలేదుగా. కింద కూర్చుని నాలుగు గుడ్డలు కత్తిరిస్తే మనసు అదే మళ్లుతుంది." చేతికీ వచ్చిందని ఆయన చూసినట్టు లేదు. చంకలో గడ్డలు తీసినప్పటినుంచీ అక్క ఎడమచెయ్యి భుజం దగ్గర్నుంచి మణికట్టుదాకా వాచిపోయి ఉంటుంది, పాత చొక్కాల చేతులేవీ పట్టవు. ఆపరేషన్ జరిగినప్పటినుంచి బావగారి పక్క వేరే గదికి మారింది. నిద్ర చాలక అన్నారు. ఎవరికి చాలకో చెప్పలేదు.

ఒకసారి ఆస్పత్రికి పిచ్చుక కూడా వెళ్లింది. క్యాన్సర్ విభాగంలో నర్సు, చేతి వాపు కొలిచి, మందుల సంగతి అడిగి, ఆ తర్వాత మెల్లిగా, "మనసెలా ఉంటోందమ్మా?" అంది. అక్క నోరు తెరిచేలోపు బావగారు, "బానే ఉందండి, పనిలో పడితే అన్నీ అవే సర్దుకుంటాయి," అన్నాడు. అక్క తెరిచిన నోరు అలాగే మూసుకుంది. వస్తుంటే నర్సు వరండాలో పిచ్చుక చెయ్యి పట్టుకుని ఆపి, తన నంబరు ఫోన్లో వేయించుకోమంది. "ఏదైనా తేడాగా అనిపిస్తే ఫోన్ చెయ్యి. చిన్న విషయమని ఆలోచించొద్దు," అంది. పిచ్చుక వేసుకుంది, ఆ తర్వాత మర్చిపోయింది.

మర్చిపోవడానికి కారణం ఉంది. ఆ తర్వాత కొద్ది రోజులకే అక్క లేచింది. ఒక పొద్దున్న తలస్నానం చేసి, ఉతికిన గౌను వేసుకుని, మెట్లు దిగి కిందకి వచ్చింది. కత్తెర తీసి నూనె గుడ్డతో తుడిచింది. మిషన్ల దగ్గర అందరూ చూస్తుండగానే, "పిల్లా, ఇలా రా. నీకు కటింగ్ నేర్పుతాను," అంది.

ఇల్లంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. కోలుకుంది అన్నాడు బావగారు గల్లాపెట్టె దగ్గరినుంచి. నేను చెప్పలా, దిగులు దానంతటదే పోతుందని, అంది అత్తగారు. ఎప్పుడూ లేనిది అక్క నవ్వుతోంది కూడా. పిచ్చుక గొప్పేంటంటే, ఆ నవ్వు తన ఊసుల వల్లే వచ్చిందనుకుంది.

దగ్గర్లోని బడి ఏడాది మధ్యలో యూనిఫాం మార్చింది, ఆ చొక్కాలన్నీ వీళ్లకే వచ్చాయి. తానులు తానులు నీలం గుడ్డ, లెక్కపెట్టి ఇచ్చింది. బడివాళ్లు చొక్కాకి ఇంత అని కొలిచి పంపుతారు, జానెడు ముక్క మిగలదు. అంత బిగుతు లెక్కలోనూ అక్క ప్రతి కుట్టు లోపల రెండు వేళ్ల వెడల్పు గుడ్డ వదిలేలా కత్తిరిస్తుంది. సుద్దముక్కతో గీత గీసి, ఆ గీత బయట ఇంకో గీత గీయించేది పిచ్చుక చేత. "మనిషి మారుతుంది పిల్లా, గుడ్డ మారదు. లావవుతారు, చిక్కుతారు, కడుపొస్తుంది, జబ్బొస్తుంది. లోపల కాస్త వదిలిపెడితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. కుట్టు వారకి కత్తిరించావంటే ఇక అంతే, ఆ బట్టకి రేపన్నది లేదు." బావగారు ఆ రెండు వేళ్ల గురించి ఏళ్ల తరబడి సణుగుతూనే ఉన్నాడు, దండగ గుడ్డ అని. ఉప్పు ఎక్కువైందంటే పారబోసి మళ్లీ వండింది, జీతం ఎందుకు ఇంట్లోదానివేగా అంటే సరేనంది, చుట్టాల ముందు గొడ్డుదన్నా తలొంచుకుంది. ఆ రెండు వేళ్ల దగ్గర మాత్రం అక్క ఎవరి మాటా వినలేదు.

నేర్చుకోవడంలో పిచ్చుకకి పట్టపగ్గాలు లేవు. భుజం దగ్గర గుడ్డ ఎటు సాగుతుందో, కాలరుకి ముక్క ఎలా వాలుగా తీయాలో చెప్పీచెప్పగానే పట్టేసింది. అక్క కత్తెర ఆమె చేతిలో పెట్టి, "ఇక ఇది నీదే," అన్న రోజు పిచ్చుక దాన్ని పైకి తీసుకెళ్లి మొగుడికి చూపించింది, పతకం గెలుచుకొచ్చినట్టు. గుండీలూ దారాలూ ఏ దుకాణంలో కొనాలి, పాత గిరాకీల్లో ఎవరి భుజం ఒకటి వాలి ఉంటుంది, అత్తగారి మోకాళ్లకి ఏ నూనె పడుతుంది, బావగారు కోపంలో ఉంటే ఏం వండితే చల్లబడతాడు, అన్నీ చెబుతూ పోయింది అక్క. కళ్లజోడు కాడ విరిగితే దారం కట్టుకుంది. బాగు చేయించుకొస్తానంటే, "ఇప్పుడెందుకులే," అంది. ఏది అడిగినా, "ఈ యూనిఫాంలు అయిపోనీ. ఇవి అయిపోతే నా పని అయిపోయినట్టే," అనేది, నవ్వుతూ. పాపం అలిసిపోతోంది, ఇవి తొందరగా అయిపోతే విశ్రాంతి తీసుకుంటుందని, పిచ్చుక ఇంకా పొద్దున్నే లేచి, ఇంకా జోరుగా మిషను తొక్కింది.

చలి మొదలయ్యే వేళకి అక్క తన మెరూన్ రంగు ఉన్ని కోటు తెచ్చి ఇచ్చింది. పెళ్లికి ముందు తన సొంత సంపాదనతో గుడ్డ కొని, తనే కుట్టుకున్నది. ఇంట్లో అక్కది అని చెప్పుకోదగ్గ వస్తువు కత్తెర తర్వాత అదొక్కటే. దాన్ని పిచ్చుక ఒంటికి సరిపోయేలా కుదించి కుట్టింది. "తొడుక్కో," అంది. పిచ్చుక తొడుక్కుని అద్దం ముందు గిరగిరా తిరిగింది. నడుం దగ్గర ఎంత బాగా కూర్చుందో. "మరి నీకు?" అని అడగనైతే అడిగింది. "నాకిప్పుడు చెయ్యి పట్టదుగా," అంది అక్క. నిజమే కదా అనుకుంది. ఆ సాయంత్రం మొగుడితో కోటు వేసుకుని వీధి చివరిదాకా నడిచి, ఆ చలిగాలికి కూడా మురిసిపోయి వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల ముందు, జేబు మూలన దారం వేలాడుతోందని కోటు తిరగేసింది. సూదిలో దారం ఎక్కించుకుని చూస్తే, కుట్టు పక్కన గుడ్డ లేదు.

ఇటు తిప్పింది, అటు తిప్పింది. పక్కల కుట్టు, చంక కింద, చేతుల వెంబడి, వీపు మధ్యన. ఎక్కడా లేదు. కుట్టు వారనే కత్తెర పొడుగునా నడిచిపోయింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే పొరపాటు కాదది. వంకర లేని, తొణకని చెయ్యి. ఎవరో తెలియని బడిపిల్లాడి చొక్కాకి కూడా రెండు వేళ్లు వదిలే మనిషి, మొగుడితో అన్నేళ్లు ఆ రెండు వేళ్ల కోసం పోట్లాడిన మనిషి, తన కోటుకి అంగుళం మిగల్చలేదు. ఇక ఎవరు విప్పినా, ఎలా విప్పినా ఆ కోటు అక్కకి పట్టదు. చెయ్యి వాపు తగ్గినా పట్టదు. వచ్చే చలికీ పట్టదు. ఆ పై చలికీ పట్టదు.

పిచ్చుక మంచం మీద కూర్చుండిపోయింది. ఒళ్లో కోటు, కోటు మీద సూది. గుడ్డ తిరగేస్తే కుట్టు కనిపించినట్టు, ఇన్నాళ్ల సంతోషమూ తిరగబడి లోపలివైపు కనిపించసాగింది. ఆ నవ్వు కోలుకున్న నవ్వు కాదు, బస్సు టికెట్టు తీసుకున్నవాళ్ల నిమ్మళం అది. కత్తెర ఇచ్చింది. అత్తగారి మోకాళ్ల నూనె అప్పజెప్పింది. బావగారి కోపం అప్పజెప్పింది. ఇవి అయిపోతే నా పని అయిపోయినట్టే అంది. చావడానికి కూడా పని పూర్తిచేసి వెళ్లాలని ఆగిన మనిషి. ఆ పనిని, ఈ వెర్రిబాగుల పిచ్చుక, తెల్లవారకముందే లేచి, పాటలు పాడుకుంటూ, ముందుకి తోస్తోంది. తను ఒక్కొక్క చొక్కా నేర్చుకున్నకొద్దీ అక్కకి ఒక్కొక్క ముడి విప్పి ఇచ్చింది. ఈ ఇంట్లో అక్క జాగాలోకి ఇంకో మనిషి వచ్చేసింది, ఖాళీ కూడా మిగలదు. ఆ వచ్చిన మనిషి తనే.

ముందు మొగుడికే చెప్పింది. భోజనానికి పైకి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. కోటు తిరగేసి చూపించి, కుట్టు చూపించి, తనకి తోచిందంతా ఒక్క గుక్కలో చెప్పింది. అతను చేతులు తుడుచుకుంటూ విని, నవ్వాడు. ఆ నవ్వంటే ఆమెకి ప్రాణం. "కుట్టులో గుడ్డ లేదని మనిషి చచ్చిపోతుందా పిచ్చుకా?" అన్నాడు. ఆ మాట వినపడి అత్తగారు వంటింట్లోంచి వచ్చింది. ఇల్లు ఇప్పుడిప్పుడే తేరుకుంటుంటే ఆ అపశకునం మాటలేంటి, నోరుంది కదా అని ఏదంటే అది అనడమేనా, అని కేకలేసింది. దాని ఎదురుగా మాత్రం అనకు, లేని ఆలోచన పుట్టించినదానివవుతావు అంది. బావగారు కంచం ముందు కూర్చుని ఉన్నాడు. ముద్ద మింగి, మంచినీళ్లు తాగి, తీరిగ్గా అన్నాడు.

"చచ్చేంత తీరిక ఎక్కడుందమ్మా దానికి? ఇంకా బడి చొక్కాలు మిగిలే ఉన్నాయి."

అందరూ నవ్వారు. ఆమె మొగుడు కూడా. అలవాటుకొద్దీ పిచ్చుక పెదవులు కూడా కదలబోయాయి. దానికే ఆమెకి అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది. ఇలాగే కాబోలు, అందరితో పాటు ఒక నవ్వు, ఆ తర్వాత ఇంకొకటి, కొన్నేళ్లకి తనూ గోడవైపు తిరిగి పడుకునే మనిషి అవుతుంది. ఆ ముగ్గురూ చెడ్డవాళ్లు కారు. మెట్ల మీద ఆ అడుగుల చప్పుడు రేపు కూడా ఆమెకి ఇష్టంగానే ఉంటుంది. కానీ ఆ నవ్వు ఇక మునుపటిలా వినపడదు. అత్తగారు కంచం ముందుకు జరిపితే ఆకలి లేదని చెప్పి, కోటు తీసుకుని కిందకి దిగింది.

దుకాణంలో అక్క ఒక్కతే ఉంది. అందరూ తిన్నాక తింటుంది, ఎప్పుడూ అంతే. మిషను మీద వంగి చొక్కా పక్క కుడుతోంది. దారం కట్టిన కళ్లజోడు ముక్కు మీదికి జారి ఉంది. పిచ్చుక ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఎలా అడగాలో ఎవరూ నేర్పలేదు. ఎలా అడిగినా తప్పే అనిపించి, ఉన్నదున్నట్టు అడిగింది.

"అక్కా, చచ్చిపోవాలనుకుంటున్నావా?"

మిషను ఆగలేదు. కుట్టు చివరిదాకా వెళ్లి, వెనక్కి రెండు కుట్లు వేసి అప్పుడాగింది. అక్క దారం తెంపి, చొక్కా మడతపెట్టి, పక్కనున్న దొంతరలో పెట్టింది.

"ఎవరన్నారు?"

పిచ్చుక కోటు తిరగేసి బల్ల మీద పరిచింది. అక్క దాన్ని చాలాసేపు చూసింది. అబద్ధం ఆడదామని చూసినట్టూ, ఓపిక లేక మానేసినట్టూ ఉంది.

"బాగానే నేర్చుకున్నావే," అంది చివరికి.

ఆ తర్వాత చెప్పింది. గొంతులో ఏడుపు లేదు, గిరాకీకి ధర చెప్పినట్టే చెప్పింది. నొప్పి కాదట. నొప్పికి మందుంది. పొద్దున్న కళ్లు తెరిస్తే, అయ్యో మళ్లీ తెల్లారిందే అనిపిస్తుందట. స్నానాల గదిలో అద్దానికి తువ్వాలు కప్పుకుంటుందట, కత్తిరించడంలో పాడైపోయిన గుడ్డని మూలన పడేసినట్టు ఉంటుందట తనని చూసుకుంటే. డాక్టర్లు బాగుంది అంటారు. బాగుండడం అంటే ఇదేనా అని అడగాలనిపిస్తుంది, ఎవరిని అడగాలో తెలీదు. "అందరూ ధైర్యం ధైర్యం అంటారు. ధైర్యం కూడా పనేనే. పొద్దున్నే లేచి ఇల్లు ఊడ్చినట్టు అది కూడా చెయ్యాలి, ఎవరొచ్చినా వాళ్లకింత పెట్టాలి. నాకిక ఓపిక లేదు పిల్లా." మళ్లీ అంది. "నేను లేకపోతే ఏది ఆగిపోతుందా అని ఆలోచించాను. కటింగ్ ఒక్కటే కనపడింది. అది నీకొచ్చేసింది. ఇక ఎక్కడా ఏదీ ఆగదు అని తెలిశాక ఎంత హాయిగా ఉందో తెలుసా? ఇన్నేళ్లలో నాకు దొరికిన సెలవు అదొక్కటే."

నువ్వు లేకపోతే ఈ ఇల్లేమైపోతుందక్కా, అన్న మాట పిచ్చుక నాలుక చివరిదాకా వచ్చింది. అది అందరూ అనే మాటే. అంట్లగిన్నెలూ, చొక్కాలూ, మోకాళ్ల నూనె కూడా అనే మాట. దాన్ని మింగేసింది. దాని బదులు పెట్టడానికి ఇంకో మాట వెతికితే ఒక్కటీ దొరకలేదు. బతకమని చెప్పడానికి ఏ కారణం చూపించినా అది అక్క చేతికి ఇంకో పని ఇచ్చినట్టే ఉంది. నాకోసం ఉండు అన్నా పనే. "నాకేం చెప్పాలో తెలీట్లేదక్కా," అంది, కళ్లనీళ్లు వాటంతటవే కారిపోతుంటే. అక్క చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది, కన్నీళ్లు తుడవడానికి, ఊరుకో ఊరుకో అనడానికి. పిచ్చుక ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "నన్ను ఓదార్చకు. ఇది కూడా నువ్వే చెయ్యాలా?" అంది. ముక్కు తుడుచుకుని ఫోన్ తీసింది.

అక్క ఎదురుగానే నర్సుకి చెప్పింది, ఆ మాటని దాచకుండా అదే మాటగా చెప్పింది. నర్సు ఆశ్చర్యపోలేదు, కేకలెయ్యలేదు. ఈ జబ్బులో ఇలా అవడం చాలామందికి జరుగుతుంది, అది మనిషి బలహీనత కాదు, దానికీ డాక్టరున్నారు, అంది. ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో మందులన్నీ నీ దగ్గర పెట్టుకో, ఈ పూటే తీసుకొచ్చెయ్, నేను ఇక్కడే ఉంటాను, అంది. ఫోన్ అక్కకి ఇవ్వమంది. అక్క చెవి దగ్గర పెట్టుకుని వింది, రెండుసార్లు "ఊఁ" అంది, ఇచ్చేసింది.

"వెళితే ఏం చేస్తారు? ఇంకో మాత్ర రాస్తారు," అంది.

"రాస్తే రాయనీ."

"మాత్రతో పోయేది కాదిది."

"తెలీదక్కా. పోతుందని నేను చెప్పట్లేదు."

బయట గాలి రివ్వుమంటోంది. అక్కకి వేసుకోవడానికి కోటు లేదు. పిచ్చుక మెరూన్ కోటు ఎత్తి భుజాల మీద వేసి చూసింది. కుడిచెయ్యి కష్టం మీద దూరింది, ఎడమచెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది, ముందు గుండీలకీ కాజాలకీ మధ్య బెత్తెడు ఎడం. అక్క చేతులు అలాగే ఉంచి నిలబడింది. చూశావా, అన్నట్టు.

పిచ్చుక కోటు తీసి బల్ల మీద పరిచి, బ్లేడుతో కుట్లు విప్పడం మొదలుపెట్టింది. కింది అంచునుంచి చంకదాకా, చంకనుంచి మణికట్టుదాకా, రెండు పక్కలా. విప్పిన కోటు ఎండలో ఆరేసిన తోలులా నోరు తెరుచుకుని పడుంది. జోడించడానికి దుకాణంలో ఉన్నది ఒక్క నీలం గుడ్డే. లెక్కపెట్టి ఇచ్చిన గుడ్డ. పిచ్చుక గుడ్డ తాను దొర్లించి, టేపు తీసుకుని, "చెయ్యి ఎత్తక్కా," అంది. ఆపరేషన్ తర్వాత బట్ట కుట్టడానికి అక్క ఒంటి మీద టేపు పెట్టినవాళ్లు లేరు. ఎడమచెయ్యి సగం వరకే లేచింది. పిచ్చుక ఆ సగం కిందనుంచే టేపు పోనిచ్చి, వాపు ఉన్నచోట వాపుతో సహా, చదునుగా ఉన్నచోట చదునుతో సహా, ఉన్నది ఉన్నట్టుగా కొలిచింది. సుద్దతో గీత గీసింది. ఆ గీత బయట ఇంకో గీత గీసింది. పెద్ద కత్తెర తీసుకుని నీలం గుడ్డని ఒక్క ఊపున కోసింది.

"అది బడి గుడ్డే," అంది అక్క, కంగారుగా. ఆ పూట ఆమె గొంతులో వినపడిన మొదటి కదలిక అది. "చొక్కా ఒకటి తగ్గిపోతుంది. ఇక లెక్క కుదరదు. అవి అవ్వవు."

"అవ్వవు," అంది పిచ్చుక, మిషను తొక్కుతూ.

పట్టీలు వేసి ముగించేసరికి బావగారు మెట్లు దిగి వచ్చాడు. కోసిన నీలం తానునీ, మెరూన్ కోటు పక్కల నీలం చారల్నీ చూసి, ఏమిటిది, ఆ చొక్కాలు ఎవరు కుడతారు, ఇద్దరూ కలిసి ఎక్కడికి, అని వరసగా అడిగాడు. ఇన్నాళ్లూ ఏది అడిగినా పది మాటలు ఎక్కువే చెప్పే పిచ్చుక, మందుల డబ్బా సంచిలో వేసుకుని, ఆ పైన పెద్ద కత్తెర కూడా వేసుకుని, "ఆస్పత్రికి బావగారూ. మీరు రావద్దు. అక్కని అడిగినప్పుడు అక్కే చెప్పాలి," అంది. వెనకాల మొగుడు మెట్ల మీద ఆగి చూస్తున్నాడని తెలుసు. తలెత్తి చూడలేదు.

బస్టాపులో గాలి కోసేస్తోంది. కోటు పట్టింది. బాగుందని చెప్పడానికి లేదు, రెండు రంగులతో, చెయ్యి కింద ఉబ్బెత్తుగా, ఎవరో తొందరలో కుట్టినట్టే ఉంది. అక్క రోడ్డు వంక చూస్తూ నిలబడింది. ముఖంలో ఏమీ లేదు.

"రేపు పొద్దున్న మళ్లీ ఇలాగే ఉంటుంది," అంది.

"ఉంటుందేమో," అంది పిచ్చుక. "నేనూ ఉంటాను."

బస్సు దూరంగా మలుపు తిరిగింది. ఎదుటివాళ్ల బట్టయినా, తన ఒంటి మీది బట్టయినా, దాని కుట్టు తడిమి చూడడం అక్క వేళ్లకి ఏళ్లనాటి అలవాటు. అవి వాటంతటవే కోటు లోపలికి వెళ్లాయి, నీలం పట్టీ వెంట పైకి పాకి, చంక కింద ఆగాయి. అక్కడ కుట్టు లోపల గుడ్డ ఉంది. రెండు వేళ్లు కాదు, నాలుగు వేళ్ల వెడల్పు.

"ఎక్కువ వదిలావు," అంది అక్క.

బస్సు వచ్చి ఆగేదాకా ఆ వేళ్లు అక్కడే ఉన్నాయి.